నైపుణ్యమని కోర్టులో గెలిచారు కదా, ఆ నైపుణ్యం జనానికీ నేర్పండి

బెంగళూరు, హైదరాబాద్, మైసూరు, చెన్నై రేస్ క్లబ్బుల స్టీవార్డులకు (రేసులు నిబంధనల ప్రకారం నడిచాయో లేదో చూసేవాళ్లకు), మేనేజింగ్ కమిటీ సభ్యులకు తిరుపతి, చిత్తూరు ప్రాంతపు గుర్రప్పందేల అభిమానులు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా,

స్టాండ్లలో తల నెరిసినవాళ్లే తప్ప కుర్రకారు కనిపించడం లేదని మీరు బాధపడుతున్నారు. దానికి మీలో చాలామంది ఆలోచించే మందులు రెండే: బహుమతి సొమ్ము పెంచడం, పందెం కట్టే దారులు పెంచడం. ఈ రెండూ ఇప్పటికే వస్తున్నవాడికి పనికొస్తాయి. ఇంతవరకు గుర్రం పరుగే చూడనివాడికి వీటితో పనిలేదు.

1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని తేల్చింది. కోర్టుకెక్కింది మద్రాస్ రేస్ క్లబ్బు వ్యవహారమే అయినా, ఆ తీర్పు నీడలో అన్ని క్లబ్బులూ బతుకుతున్నాయి. బాగానే ఉంది. మరి ఆ నైపుణ్యం కొత్తవాడికి ఎవరు నేర్పాలి? వాడు గేటు దాటగానే ఎదురయ్యేది పందెం డబ్బు కట్టే టోట్ కౌంటర్, చెవిన పడేది ఎవడో చెప్పే టిప్పు. టిప్పు నమ్మి కట్టేవాడికి అది లాటరీయే. నాలుగు ఆదివారాలు పోగొట్టుకుని ఐదో ఆదివారం మానేస్తాడు, పోతూపోతూ ఇదంతా మోసమని పదిమందికీ చెబుతాడు. మా వాదన మొత్తం ఇంతే: ముందు చూడటం నేర్పండి. చూడటం వచ్చినవాడిలో కొందరు పందెం కడతారు, కొందరు కట్టరు. కట్టనివాడు కూడా మీకు కావలసినవాడే. నగరాల నడిబొడ్డున లీజు నేల మీద నిలబడ్డ ఆట, ఊళ్లో జనానికి పట్టకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో చెన్నై గిండీ రేస్ కోర్సు లీజు రద్దయినప్పుడు అందరం చూశాం.

ఒక చిన్న లెక్క. రోజుకు ఎనిమిది రేసులు, రేసుకీ రేసుకీ మధ్య అరగంట. 1200 మీటర్ల రేసు నిమిషం పదమూడు పద్నాలుగు సెకన్లలో అయిపోతుంది. అంటే నాలుగు గంటల మధ్యాహ్నంలో గుర్రాలు పరిగెత్తేది మొత్తం కలిపి పది నిమిషాలు. మిగతా మూడు గంటల యాభై నిమిషాలు కొత్తవాడు ఏం చేయాలి? ఇప్పుడైతే క్యూలో నిలబడుతున్నాడు, లేదా ఫోన్ చూసుకుంటున్నాడు. మీ ఆట గెలిచేదీ ఓడేదీ ఆ ఖాళీలోనే.

ఆ ఖాళీలో పెట్టవలసిన మొదటి పాఠం పాడాక్ దగ్గర, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణ దగ్గర. మా వైపు సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వెనక్కి వెళ్లి తొడల కండ చూస్తాడు, ఆ తర్వాతే ధర మాట్లాడతాడు. రంగంపేట పశువుల పండక్కి వచ్చే కుర్రాడికి జంతువు వాలకం కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కన్ను గుర్రం మీదికి తిప్పితే చాలు. కానీ రైలింగు దగ్గర నిలబడి చెప్పేవాడు ఒకడు ఉండాలి, తెలుగులోనో తమిళంలోనో కన్నడంలోనో, వచ్చినవాడి భాషలో. రిటైరైన జాకీలు, ట్రైనర్ల దగ్గర పనిచేసిన పాత సైసులు (గుర్రాలను సాకేవాళ్లు) ఈ పనికి బంగారం లాంటివాళ్లు. రేసుకు 20 నిమిషాల ముందు, ఐదారు నిమిషాల మాట. ఏం చెప్పాలంటే:

నడుస్తున్నప్పుడు వెనక గిట్ట, ముందు గిట్ట వదిలిన అచ్చు మీద పడుతోందా, దాటి పడుతోందా చూడాలి. బాగా దాటి పడితే వెన్ను, తుంటి బిగుసుకుపోకుండా ఉన్నాయని అర్థం. పక్కటెముకల్లో చివరి రెండు మూడు లీలగా కనిపిస్తే పరుగుకు సిద్ధంగా ఉన్న ఒళ్లు. అవన్నీ పొట్టలో మునిగిపోయి, మెడ కింద కొవ్వు ఊగుతుంటే ఇంకో రెండు రేసులు కావాలి. వెంట్రుకలు నూనె రాసినట్టు మెరవాలి. చెమట సంగతి కాస్త జాగ్రత్త. మే నెల ఎండలో మెడ మీద చెమట ఏ గుర్రానికైనా పడుతుంది. వెనక తొడల మధ్య తెల్లటి నురగ కట్టి, తోక విదిలిస్తూ, ఇద్దరు సైసులు చెరో పక్క పట్టుకున్నా ఆగకుండా ఉంటే, అది రేసు ఇక్కడే పరిగెత్తేస్తోందన్నమాట. అలాగని కొన్ని గుర్రాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, ఇలా ఉండే గెలుస్తాయి. అందుకే ఒక్కసారి చూస్తే చాలదు, పోయినసారి ఎలా ఉందో గుర్తుండాలి. మళ్లీ రావడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది?

కళ్లకు పక్క గంతలు (బ్లింకర్లు) మొదటిసారి కట్టారా, నాలుక కట్టు ఉందా అన్నవి కూడా అక్కడే చూపించాలి. గంతలు కడితే పక్కన వచ్చే గుర్రం కనిపించదు, దృష్టి ముందుకే ఉంటుంది. బద్ధకించే గుర్రం దీనితో మారిపోవచ్చు, కంగారుపడే గుర్రం మొదటి 400 మీటర్లలోనే ఊపిరంతా ఖర్చు పెట్టేయవచ్చు. నాలుక కళ్లెం మీదికి వెళ్లి ఊపిరి ఆడకుండా చేయకూడదని కట్టేది నాలుక కట్టు.

ఇదంతా అంకెల్లో కూడా ఉండాలి. జపాన్‌లో రేసు రోజున ప్రతి గుర్రం బరువు, పోయిన రేసు కంటే ఎన్ని కిలోలు పెరిగిందో తగ్గిందో బోర్డు మీద పెడతారు. హాంకాంగ్‌లో ప్రతి 400 మీటర్లకు ఎవరు ఎంత సమయంలో పరిగెత్తారో ఉచితంగా ఇస్తారు. 480 కిలోల గుర్రం రెండు నెలల విరామం తర్వాత 500 కిలోలతో వచ్చిందంటే అందులో కండ ఎంతో కొవ్వు ఎంతో పాడాక్‌లో చూసి తేల్చుకోవచ్చు. అంకె, కన్ను రెండూ కలిస్తేనే నైపుణ్యం. ప్రతి క్లబ్బూ, ప్రతి రేసుకూ ఈ రెండు వివరాలు ఇవ్వడానికి కావలసింది ఒక తూకం యంత్రం, కెమెరాలు, వాటి ముందు కూర్చునే నలుగురు మనుషులు.

ఇక రేసు పుస్తకం, అంటే ఆ రోజు పరిగెత్తే గుర్రాల వివరాలు వేసే పుస్తకం. తెలుగులో టిప్పులు చెప్పేవాళ్లకు కొదవలేదు, అధికారిక వివరాలు తెలుగులో చదవాలంటేనే కరువు. ఆ పుస్తకం తెలుగు లిపిలో వేయడంతో పని అయిపోదు. ఒక్క వరుసనైనా విప్పి చెప్పే పేజీ ముందు ఉండాలి. ఉదాహరణకు ఒక గుర్రం పేరు ఎదురుగా పోయినసారి వివరం ఇలా ఉందనుకోండి: 1200 మీటర్లు, మోసిన బరువు 59 కిలోలు, నాలుగో స్థానం, గెలిచినదానికి మూడున్నర లెంగ్తులు వెనక. ఈసారి అదే దూరం, 54 కిలోలు. లెంగ్తు అంటే గుర్రం ఒళ్లు పొడవు, దాదాపు 2.4 మీటర్లు. ఆరు లెంగ్తులు కలిస్తే సుమారు ఒక సెకను. కాబట్టి మూడున్నర లెంగ్తులంటే అర సెకను పైచిలుకు వెనకబడింది. 1200 మీటర్లలో లెంగ్తుకు సుమారు ఒకటిన్నర కిలో చొప్పున లెక్క వేయడం పాతకాలం నుంచి ఉన్న వాడుక. ఐదు కిలోలు తగ్గాయంటే మూడు లెంగ్తులకు పైగా కలిసొచ్చినట్టు. కాగితం మీద ఇది పోయినసారి గెలిచినదాని పక్కన నిలబడుతుంది.

కానీ ఆ నాలుగో స్థానం ఎలా వచ్చింది? బయటి డ్రా (మొదలుపెట్టే గేటులో బయటి వైపు చోటు) పడి మలుపులో దూరం ఎక్కువ తిరిగిందా, లోపలి కంచె వెంట దారి దొరక్క ఆగిందా? ఇది పుస్తకంలో ఉండదు. వీడియోలో ఉంటుంది. పుస్తకంలో ప్రతి పాత రేసు పక్కన ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి, ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ రేసు వీడియో రావాలి. ఇప్పుడు చదవడానికి బద్ధకించే కుర్రాడు కూడా వీడియో చూడటానికి బద్ధకించడు.

బరువుల వెనక ఉన్న రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె) కూడా ఇలాగే నాలుగు వాక్యాల పని. మన హ్యాండికాప్ రేసుల్లో, అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేసి అన్నిటినీ సమం చేసే రేసుల్లో, రేటింగ్ పాయింటుకు అర కిలో. 45 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తే, 25 రేటింగ్ గుర్రం 50 మోస్తుంది. జాకీ, జీను కలిపి 54 తూగితే మిగతా ఆరు కిలోలు సీసం పలకలుగా జీను కింద చేరతాయి. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, ఓడుతూ పోతే తగ్గుతుంది. తగ్గిన గుర్రం కింది తరగతిలోకి దిగి ఒక్కసారి మెరిస్తే, ఇన్నాళ్లూ కావాలనే ఓడించారేమోనని కొత్తవాడు అనుమానపడతాడు. తప్పు లేదు, ఆ అనుమానం మాకూ వస్తుంది. నేల ఎంత మెత్తగా ఉందో కొలిచే పెనెట్రోమీటర్ రీడింగు సంగతి మాత్రం ఒక్క మాట: పుస్తకంలో అంకె వేసి ఊరుకోకండి, పెరిగితే నేల మెత్తబడిందని అర్థమని పక్కనే రాయండి.

అనుమానం దగ్గరికి వచ్చాం కాబట్టి అదే పూర్తి చేద్దాం. కొత్త ప్రేక్షకుణ్ని తరిమేసేది ఓటమి కంటే ఎక్కువగా ఈ అనుమానమే. పోయిన రేసులో చివర వచ్చి ఈ రేసులో ఐదు లెంగ్తులతో గెలిచిన గుర్రం గురించి స్టీవార్డులు ట్రైనర్‌ను అడుగుతారు, ట్రైనర్ ఏదో సమాధానం ఇస్తాడు. ఆ ప్రశ్న, ఆ సమాధానం, మీ నిర్ణయం అదే రోజు రాత్రి తొమ్మిది లోపు బయట పెట్టండి. ముందు నుంచి తీసిన ఫిల్ము కూడా పెట్టండి, ఎందుకంటే పక్క నుంచి చూస్తే జాకీ గుర్రాన్ని పట్టి ఉంచాడో లేదో సరిగా తెలియదు. రేసు తర్వాత ఎరుపు లైటు వెలిగి అబ్జెక్షన్ (ఫలితం మీద ఫిర్యాదు) విచారణ నడుస్తున్నప్పుడు స్టాండులో ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారు, ఏ చోట అడ్డం వచ్చింది అని మైకులో రెండు ముక్కలు చెప్పినా సగం గొణుగుడు తగ్గుతుంది.

ఇప్పుడు డబ్బు మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది, అదీ మీ కమీషన్ మీద కాకుండా పందెం ముఖవిలువ మొత్తం మీద. అంటే 100 రూపాయల పందేనికి 140 బయటికి తీయాలి. పూల్‌లో, అంటే అందరి పందేలూ కలిసే మొత్తంలో, క్లబ్బు కోత 20 శాతం అనుకుందాం. వంద లోంచి 80 మాత్రమే గెలిచినవాళ్లకు పంచుతారు. 140 పెట్టినవాళ్లందరికీ కలిపి తిరిగొచ్చేది 80, నూటికి 57. ఒకే గెలుపులో 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ వేరే, పోగొట్టుకున్నవాటిని అందులోంచి తీసివేయడానికి వీల్లేదు. ఈ లెక్క తెలిసి కట్టడం వేరు, తెలియక కట్టడం వేరు. పన్ను తగ్గించమని మీరు ప్రభుత్వంతో పోట్లాడండి, మేమూ సంతకం చేస్తాం. ఈలోగా మీ చేతిలో ఉన్నవి రెండు. ఏ పూల్‌లో ఎంత కోతో కౌంటర్ మీద పెద్ద అక్షరాల్లో రాయండి. కొత్తవాళ్లు ఎక్కువగా కట్టే విన్ (గుర్రం మొదట వస్తుందని), ప్లేస్ (ముందు స్థానాల్లో ఒకదానిలో వస్తుందని) పూల్స్‌లో కోత తగ్గించండి.

జాక్‌పాట్ పోస్టర్లు చూపించి కొత్తవాణ్ని పిలవడం మాకు నచ్చని పని. ఐదు రేసుల్లోనూ గెలిచేవాటిని చెప్పాల్సిన జాక్‌పాట్‌లో ఒకడు రేసుకు 2, 3, 1, 2, 3 గుర్రాలు పెట్టాడనుకోండి. గుణిస్తే 36 కాంబినేషన్లు. యూనిట్ 10 రూపాయలైతే 360, పన్నుతో 504. మొదటి రేసులోనే రెండు గుర్రాలూ పోతే మధ్యాహ్నం రెండింటికే ఆట అయిపోయింది. మొదటి మూడు స్థానాలనూ వరసగా చెప్పే టనాలా పందెంలో ఐదు గుర్రాలను బాక్స్ చేస్తే (ఏ వరసలో వచ్చినా సరిపోయేలా కడితే) 60 వరుసలు. ఇవి కొత్తవాడికి చూపించే వాకిళ్లు కావు. తొలిసారి వచ్చినవాడికి కాగితం మీద ఆడే పోటీ పెట్టండి: రేసుకు ఒక గుర్రం రాయాలి, మొదట వస్తే ఐదు పాయింట్లు, రెండో స్థానానికి మూడు, మూడో స్థానానికి ఒకటి. పైసా పెట్టనక్కర్లేదు, ప్రవేశ రుసుమూ వద్దు. సాయంత్రం ఎక్కువ పాయింట్లు వచ్చినవాడికి తెల్లారి ట్రాక్ వర్క్ చూసే అవకాశం ఇవ్వండి. ఉదయం ఐదున్నరకు మంచులో గుర్రాలు గ్యాలప్ చేయడం చూసినవాడు మళ్లీ రాకుండా ఉండడు.

జపాన్ నుంచి ఇంకో సంగతి. అక్కడ హరు ఉరారా అనే గుర్రం 113 రేసులు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. 2004 మార్చిలో దాని రేసు చూడటానికి అక్కడి కొచ్చి అనే నగరానికి వేలకు వేలు జనం వచ్చారు, దేశంలోకెల్లా పేరున్న జాకీ యుటాకా టాకే ఎక్కినా అది ఓడింది. ఒకే గుర్రం మీద విన్, ప్లేస్ కలిపి కడితే టికెట్ మీద 'పోరాడు' అన్న అర్థం వచ్చే మాట అచ్చేసి ఇచ్చే పద్ధతి కూడా అక్కడ ఉంది. ఓడినా ఆ కాగితం దాచుకుంటారు. జనం మనసు పెట్టేది గుర్రం మీద, ధర మీద కాదని మీ ప్రచారం చూసేవాళ్లకు తెలిసినట్టు లేదు.

అదే మనసు గుర్రానికి దెబ్బ తగిలితే నొచ్చుకుంటుంది. కాలు విరిగిన గుర్రం చుట్టూ తెర కట్టి, ఆ తర్వాత నోరు మెదపకపోతే కొత్తగా వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు ఇంక గేటు వైపు చూడరు. ఏ గుర్రం, ఏ కాలు, డాక్టరు ఏం తేల్చాడు అని ఆ సాయంత్రమే చెప్పండి. రిటైరైన గుర్రాలు పిల్లలను కనే స్టడ్ ఫారాలకు వెళ్లాయా, స్వారీ నేర్పే చోట్లకు వెళ్లాయా, జాబితా ఏటా ప్రకటించండి. కొరడా ఎన్ని దెబ్బల దాకా ఒప్పుకుంటారో రేసు పుస్తకంలో వేయండి. బ్రిటన్‌లో 2023 నుంచి ఫ్లాట్ రేసులో ఆరు దెబ్బలు దాటితే శిక్ష. మా తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ పిల్లలను ఏడాదికి రెండు బ్యాచ్‌లు పిలిచి గుర్రం కుంటును పట్టే పద్ధతి, డోప్ పరీక్షకు మూత్రం తీసి సీలు వేసే పద్ధతి చూపించండి. రేపు మీకు డాక్టర్లు దొరుకుతారు, ఊళ్లో మీ మాట నమ్మి చెప్పేవాళ్లూ దొరుకుతారు.

మా జిల్లాల్లో ఏం చేయకూడదో కూడా చెప్పాలి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం గుర్రప్పందేనికి ఇచ్చిన మినహాయింపు ఇరుకైనది: రేసు జరిగే రోజునే, ప్రభుత్వ అనుమతితో స్టీవార్డులు కేటాయించిన ఆవరణలో, లైసెన్సు ఉన్న బుక్‌మేకర్‌తోనో (సొంతంగా పందేలు తీసుకునేవాడితోనో) టోటలైజేటర్‌లోనో (టోట్‌లోనో) కట్టాలి. 2020 సవరణ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ జూదం కిందికి తెచ్చింది. తిరుపతిలో గది తీసుకుని ఫోన్లో పందేలు రాసేవాడు మీ పేరు వాడుకుంటున్నాడు, ఇరుక్కునేది మాత్రం మా కుర్రాళ్లు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటల యాప్‌లను నిషేధించాక, అందులో అలవాటుపడ్డవాళ్లంతా ఇక రేసులకు వస్తారని లెక్కలు కట్టేవాళ్లు మీలో ఉంటే ఆ లెక్క చించేయండి. లోన్ యాప్‌లకు అప్పులు పడి ఉన్నవాడు మీకు ప్రేక్షకుడు కాడు. కొండకు వెళ్లే దారిలో బెట్టింగ్ హోర్డింగు పెట్టే ఆలోచన కూడా వద్దు. బ్రహ్మోత్సవాల ఎనిమిదో రాత్రి అశ్వవాహనం చూసి దండం పెట్టే ఊరు ఇది, ఒక్క బోర్డుతో పదేళ్ల పేరు పోతుంది.

చేయవలసింది బస్సు. చిత్తూరు నుంచి బెంగళూరు పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా 180 కిలోమీటర్ల చిల్లర. ఆరున్నరకు బయల్దేరితే మధ్యలో టిఫిను ఆపినా పదకొండున్నరకు చేరవచ్చు. మొదటి రేసుకు ముందు గంటన్నర పైన ఉంటుంది, పాడాక్ పాఠానికి, భోజనానికి సరిపోతుంది. చివరి రేసు ఐదింటికి అటూ ఇటూ అయితే రాత్రి పదకొండు లోపు ఇంట్లో ఉంటారు. తిరుపతి వాళ్లకు పోనూ రానూ ఇంకో మూడు గంటలు కలపాలి, కాబట్టి వాళ్లకు శనివారం బయల్దేరి రాత్రి ఉండే ఏర్పాటు మేలు. టికెట్‌లో ప్రయాణం, ప్రవేశం, నీడలో సీటు, భోజనం, రేసు పుస్తకం ఉండాలి. పందెం కూపన్ ఉండకూడదు, అది పెట్టారంటే ఇంట్లో ఆడవాళ్లు పంపరు. ఆడవాళ్ల మరుగుదొడ్లు శుభ్రంగా, కుటుంబాల స్టాండు పక్కనే ఉండాలి. నవ్వుకోకండి, రెండోసారి రాకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. నలభై సీట్ల బస్సు నెలకొకటి, సీజన్‌కు నాలుగు. మొదటి బస్సులో వచ్చినవాళ్లలో ఎంతమంది నాలుగో బస్సు ఎక్కారో లెక్క పెట్టండి. వాళ్లు ఎంత పందెం కట్టారన్నది ఆ ఏడాది చూడకండి.

ముందుగా తెలుగు రేసు పుస్తకం నమూనా ఒకటి, ఎనిమిది పేజీలైనా చాలు, తయారు చేయించి పంపండి. గుర్రాల పేర్లు తెలుగు లిపిలో ఎలా రాయాలి, ఏ మాట మా వైపు చదివేవాడికి తెలియదు, ఏ అంకె పక్కన వివరణ కావాలి అన్నవి వారంలో ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతాం. దానికి మాకు రుసుమేమీ వద్దు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు ప్రాంతపు గుర్రప్పందేల అభిమానులు